పళ్ళెం మోగని పాట

పోయిన వారం మిమ్మల్ని మా ఇంటి మెట్ల మీద వదిలేసి వెళ్ళాను. తిట్టుకునేవాళ్ళు ఈపాటికి తిట్టుకునే ఉంటారు. తప్పు నాది కాదు, పత్రికవాళ్ళిచ్చిన జాగా అంతే.

సరే, గుర్తుచేస్తాను. సనా పాతబస్తీలో మా నాన్న వదిలి వెళ్ళిన ఆరంతస్తుల ఇంటి పైగదిలోంచి నేనూ, మా అన్నయ్య హమ్దానూ ఇంటర్నెట్లో ఒక పాటల రేడియో నడుపుతున్నాం. ఉస్తాద్ ముతహ్హర్‌కి డెబ్బై నాలుగేళ్ళు. రెండు బొటనవేళ్ళ మీద రాగి పళ్ళేన్ని నిలబెట్టి, మిగతా ఎనిమిది వేళ్ళతో దాన్ని మోగిస్తూ పాడేవాళ్ళలో మా బస్తీకి మిగిలింది ఆయనొక్కరే. యాభై ఏళ్ళుగా ఏ యంత్రాన్నీ తన ముందు పెట్టనివ్వలేదు. అలాంటి మనిషి ఈ వసంతంలో తనంతట తానే కబురుపెట్టి, నాలుగు శుక్రవారాలు మా పైగదిలో కూర్చుని ఇరవై మూడు పాటలిచ్చారు. ఎందుకిచ్చారో చెప్పలేదు. అడిగితే మానేస్తారేమోనని మేమూ అడగలేదు.

మొదట్లో పాట అడుగడుగునా ఆగేది. కొండ ఊళ్ళలో ఫోన్లకి అందే నెట్టు సన్నటి సందు. నేను పంపే పాటేమో రెండు పక్కలా మూటలేసుకున్న గాడిద. ఎక్కడికక్కడ ఇరుక్కునేది. 'మీ పాట కంటే మా తాత దగ్గు నయం, ఆగకుండా వస్తుంది' అని హరాజ్ కొండల నుంచి ఒకాయన రాశాడు. దాంతో నాకు రోషం వచ్చి, పాట బరువుని సెకనుకు నూట ఇరవై ఎనిమిది కిలోబిట్ల నుంచి ఇరవై నాలుగుకి దించేశాను. ఇక ఆగలేదు. వినేవాళ్ళు నలభై మంది నుంచి తొమ్మిది వందలయ్యారు. నేను ఇంజనీరునన్న సంగతి చుట్టాలందరికీ మళ్ళీ గుర్తొచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడెవరైనా చెప్పుంటే బాగుండేది. చెప్పినా నేను వినేదాన్ని కాదు లెండి.

పాటలు వినిపించే ఫోను ఉస్తాద్ దగ్గర లేదు. నిన్న పొరుగింట్లో పన్నెండు మందితో కూర్చుని, మత్తెక్కించే ఖాత్ ఆకు నములుతూ, తన పాటని మొదటిసారి విన్నారు. సగంలో లేచి వెళ్ళిపోయారట. ఇవాళ గురువారం, మధ్యాహ్నం భోజనాలు అయ్యీ అవకముందే, చంకలో గుడ్డ చుట్టిన పళ్ళెంతో మా మెట్లెక్కుతున్నారు. అక్కడ ఆపాను.

నాలుగో అంతస్తు దగ్గర దగ్గు వినిపించింది. ఐదో అంతస్తు దగ్గర నిశ్శబ్దం. హమ్దాన్ నా వైపు చూశాడు.

"కిందికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురానా?"

"పట్టుకుంటే తోసేస్తారు. ఊరుకో."

ఆయన గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడిచి, గోడవారగా పరుపు మీద కూలబడ్డారు. శాలువా మెడ నుంచి మోకాళ్ళదాకా కప్పుకున్నారు, మే నెల ఎండలో. ఎడమ చేత్తో పళ్ళేన్ని పక్కన పెట్టుకున్నారు. హమ్దాన్ ఫ్లాస్కులోంచి కిష్ర్, అంటే కాఫీ పొట్టు కషాయం, పోసి అందించాడు. ఆయన కప్పు వంక కూడా చూడలేదు.

"ఏదీ, పెట్టమ్మా."

"ఏం పెట్టమంటారు ఉస్తాద్?"

"నా పేరు చెప్పి ఎవడి పాటో లోకానికి వినిపిస్తున్నావుగా. ఆ పెద్దమనిషి పాట."

ఫోనులో మా రేడియో తెరిచి, ఆయన పాటల్లో మొదటిది నొక్కాను. ఏమీ వినపడలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. అంకెలు మాత్రం కదులుతున్నాయి.

"నెట్టు ఆగినట్టుంది," అన్నాడు హమ్దాన్.

"నెట్టు ఆగలేదురా అబ్బాయ్. అక్కడ నేను వాయిస్తున్నాను," అన్నారు ఉస్తాద్.

నలభై సెకన్ల తర్వాత గొంతు వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ఒక్కో మాటా పళ్ళ మధ్య నలిగి బయటికి రావడం తెలుస్తోంది. ఆ స్పష్టత చూసుకునే నేను మూడు వారాలు మురిసిపోయాను. గొంతు వెనకాల మాత్రం ఏదో చిటపటమంటోంది. మాట ఆగినచోటల్లా ఆ చిటపట కూడా టక్కున ఆగిపోతోంది.

"అదిగో, ఆ ఉల్లిపాయలు వేయిస్తున్నదెవరు?" అన్నారాయన.

హమ్దాన్‌కి నవ్వొచ్చింది. దగ్గుగా మార్చి మింగాడు.

"నవ్వు, నవ్వు. నాకూ నిన్న మొదట నవ్వే వచ్చింది. మా ఆవిడ బతికొచ్చి వంటింట్లో బాణలి పెట్టిందేమో అనుకున్నా. అక్కడ పన్నెండు మంది కూర్చున్నార్రా. అందరూ 'అబ్బ, ఏం గొంతు ఉస్తాద్, ఈ వయసులో' అనేవాళ్ళే. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, పళ్ళెం ఏదని అడగలా."

నన్ను తిట్టడానికి వచ్చారనుకున్నాను. తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

నేను చేసిన పని ఇదీ. పాట బరువు తగ్గించే సాఫ్ట్‌వేర్లో రెండు దారులుంటాయి. ఒకటి సంగీతానికి, ఒకటి మాటకి. మాట దారి ఫోను సంభాషణల కోసం పుట్టింది. మనిషి గొంతు ఏదో పట్టుకుని, దాన్ని నీటుగా మడిచి పంపుతుంది, మిగతాదంతా గోల అనుకుని నలిపేస్తుంది. దాంట్లోనే ఇంకో మీట ఉంది. ఎవరూ మాట్లాడని చోట అసలేమీ పంపకు, ఆ మేరకు ఆదా చెయ్యి అని. నేను మాట దారి పట్టుకుని, ఆ మీట కూడా నొక్కాను.

ఎందుకు నొక్కానంటే, సెట్టింగులు సరిచూసింది మా వంటింట్లో. మా పిన్ని ఫోను పొయ్యి గట్టు మీద పెట్టి, నలుగురు ఆడవాళ్ళని పిలిచి, ఒకే పాటని ఐదు రకాలుగా వినిపించాను. వాళ్ళకి కావలసింది కవిత్వం. ఏ రకంలో మాట బాగా తెలిసిందో దానికే ఓటేశారు. అంత చిన్న స్పీకర్లో, అంత పొయ్యి మోతలో పళ్ళెం ఎలాగూ వినపడదు. లేదని ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

నాకెందుకు తెలియలేదో అది చెప్పడానికే సిగ్గు. ఆ నాలుగు శుక్రవారాలూ పైగదిలో మగవాళ్ళ బైఠక్ జరిగింది. రికార్డింగ్ పెట్టె హమ్దాన్ పట్టుకెళ్ళి ఉస్తాద్ ముందు దిండు మీద పెట్టాడు. నేను కింది అంతస్తులో ఆడవాళ్ళతో కూర్చున్నాను. ఆయన గొంతు మెట్లమీదుగా కిందికి దిగేది. పళ్ళెం చప్పుడు దిగదు, అది గదిలో ఉన్నవాళ్ళకే. మా ఇళ్ళల్లో ఈ పాట పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్ళు దాన్ని మెట్ల మీంచే విన్నారు. అంటే పళ్ళెం లేని పాటే విన్నారు. నేను ఆ పాటకి ఇంజనీరునయ్యి అదే పని తొమ్మిది వందల మందికి చేసిపెట్టాను.

ఇదంతా ఆయనకి చెప్పాను, పిన్ని పొయ్యి గట్టుతో సహా. ఆయన వింటూ కూర్చున్నారు.

"అంటే నువ్వు నా పళ్ళేన్ని ఎప్పుడూ వినలేదన్నమాట."

"లేదు ఉస్తాద్."

"చూడనూ లేదు."

"లేదు."

"మరి నీదేం తప్పుంది తల్లీ? తినని కూరలో ఉప్పెంతని ఎవరు చెప్పగలరు?" అని కాస్త ముందుకి వంగారు. "విను. పాడేది నేను కాదు. పళ్ళెం పాడుతుంది, నేను మాట అందిస్తాను. అది మొదట ఒంటరిగా పలుకుతుంది చూడు, అప్పుడే పాటకి ఏ నడక కావాలో అది నిర్ణయిస్తుంది. ఆ నలభై సెకన్లు తీసేశాక మిగిలింది ఏంటంటే, ఒక ముసలాడు పద్యం చదువుతున్నాడు. పద్యం పుస్తకంలో ఉంది. దానికి నేనెందుకు?"

"మీకు శిష్యులు ముగ్గురుండేవారు కదా?" అన్నాడు హమ్దాన్, ఊరుకోలేక.

"ఉండేవారు. ఒకడు రియాద్‌లో లారీ తోలుతున్నాడు. ఒకడికి ఓపిక లేదు, ఊదు అనే తీగల వాయిద్యం నేర్చుకున్నాడు, పెళ్ళిళ్ళలో బాగానే తింటున్నాడు. మూడోవాడు మంచివాడు. వాడు యుద్ధంలో పోయాడు." ఆయన ఎడమ అరచేత్తో మోకాలు రాసుకున్నారు. "అందుకే ఒప్పుకున్నా మీ పెట్టెకి. ఎక్కడో ఏ కొండమీదో ఎవరో ఒకరు, చెవి ఉన్నవాళ్ళు, పదిసార్లు వింటే, ఏ దెబ్బ ఏ వేలిదో కనుక్కుంటారు. నేనూ మొదట అలాగే, మా గురువుగారి గది గోడకి చెవి ఆనించి విని నేర్చుకున్నా. నా గొంతు పోతే పోనీ, అమ్మాయ్. దెబ్బలు ఉండాలి."

నాకు ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. ఎందుకంటే దీనికి మందు నా చేతిలో ఉంది.

"ఉస్తాద్, నాకు అరగంట ఇవ్వండి. మీ దెబ్బలు ఎక్కడికీ పోలేదు. మేం రేడియోలో పంపేది నకలు. అసలు రికార్డింగు వేరే ఉంటుంది, పెట్టెలో ఎలా పడిందో అలాగే. దాన్ని సంగీతం దారిలో మళ్ళీ మడుస్తాను. ఇరవై నాలుగు కాదు, నలభై ఎనిమిది పెడతాను. ఆ మీట తీసేస్తాను. వినేవాళ్ళ ఫోను ముందుగా అరనిమిషం పాట నింపుకుని అప్పుడు మొదలుపెట్టేలా చేస్తే, కొండ ఊళ్ళల్లో కూడా అంతగా ఆగదు. కాకపోతే మొదట్లో ఆ అరనిమిషం ఎదురుచూడాలి."

"ఖాత్ నమలడానికి కూర్చున్నవాడికి అరనిమిషం ఒక లెక్కటే?" అన్నారాయన. అప్పుడు మొదటిసారి ఆ ముఖంలో చిన్న నవ్వు కనపడింది. ఎడమ చేత్తో కిష్ర్ కప్పు అందుకున్నారు. "పో, చెయ్యి. నేనిక్కడే ఉంటా."

పక్కనున్న చిన్నగదిలో నా లాప్‌టాప్ ఉంటుంది. సంతోషంగా వెళ్ళాను. ముతహ్హర్ పేరున్న ఫోల్డరు తెరిచాను. అందులో ఇరవై మూడు పాటలూ ఉన్నాయి, అన్నీ చిన్నవి, ఇరవై నాలుగులో మడిచిన నకళ్ళు. మొదట్లో పంపిన నూట ఇరవై ఎనిమిది నకళ్ళని అప్పుడే నేనే చెరిపేశాను. అసలువి ఉండాల్సిన ఫోల్డరు ఖాళీగా ఉంది.

ఫోల్డరు మూసి మళ్ళీ తెరిచాను. మనిషి బుద్ధి ఎంత పాడైపోతుందంటే, తలుపేసి తీస్తే లోపల సామాను వస్తుందనుకుంటాం.

వెనక హమ్దాన్ నిలబడి ఉన్నాడు. ఎందుకొచ్చాడో వాడి ముఖంలోనే రాసుంది.

"తఖియ్యా, అవీ... అవి నేను తీసేశాను."

"ఏవి?"

"ఆ పెద్దవి. నువ్వు పోయిన నెల అత్త వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పెళ్ళిలో ఊదు కచేరీ రికార్డు చేశాం చూడు, జాగా లేదని లాప్‌టాప్ గోల పెట్టింది. చూస్తే ఒకే పాట రెండేసి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ వేసి విన్నాను, రెండూ పాడుతున్నాయి. ఒకే నీళ్ళు రెండు కుండల్లో ఎందుకని..."

"రికార్డింగ్ పెట్టెలో కార్డు?"

"ఊదు కచేరీ దాని మీదే కదా రికార్డు చేసింది."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. మా అన్నయ్యకి ఆ మాత్రం సాకు కూడా లేదు, వాడు చెప్పేదంతా నిజం. వాడు మంచివాడు. నీళ్ళ టాంకర్ వచ్చినప్పుడు నాలుగిళ్ళ ముసలివాళ్ళకి బిందెలు మోసేది వీడే. వాడి మీద నోరు చేసుకోవాలని ఎంత ఉన్నా, ఇలా తీసెయ్యకూడదని వాడికి ఒక్కనాడైనా చెప్పానా? చెప్పలేదు. చిన్న ఫైలు అంటే పెద్ద ఫైలుకి తమ్ముడు కాదు, అందులోంచి తీసేసినవి మళ్ళీ రావు అని ఒక్క మాట చెప్పుంటే చాలు. ఇంజనీరు గర్వంతో అది అందరికీ తెలుసనుకున్నాను.

పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ నడిపించాను. పాటల పేర్లు ఒకటొకటిగా పైకి తేలాయి. హమ్దాన్ అల్లాని తలుచుకున్నాడు. మొదటి పేరు మీద నొక్కాను. ఊదు మోగింది. రెండోదాంట్లో ఊదు, మూడోదాంట్లో పెళ్ళివారి నవ్వులు. ఇరవై మూడూ చూశాను. పేర్లు ఉస్తాద్‌వి, లోపల సరుకు ఆ ఖాళీ జాగాలోకి వచ్చి కూర్చున్న కచేరీది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు హమ్దాన్. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మళ్ళీ పాడించుకుందాం. కాళ్ళు పట్టుకుందాం. ఆయన ఇక్కడే ఉన్నారు, పళ్ళెం కూడా తెచ్చారు. పెట్టె సిద్ధం చెయ్యి."

ఆ ఆలోచన రాగానే నాకు మళ్ళీ ధైర్యం వచ్చింది. పాడిన మనిషి బతికే ఉన్నాడు, పక్క గదిలో కిష్ర్ తాగుతున్నాడు. అంతగా ఏడవాల్సిందేముంది? లేచి గుమ్మం దాకా వెళ్ళేసరికి మెట్ల మీంచి ఒక ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"నాన్నా! నాన్నా, ఇక్కడున్నావా? నీకు బుద్ధుందా అసలు?"

ఉస్తాద్ కూతురు నబీహా. నలభై ఐదేళ్ళుంటాయి, ఆడపిల్లల బళ్ళో లెక్కల పంతులమ్మ. ఆరంతస్తులు ఒక్క ఊపున ఎక్కినట్టుంది, గోడ పట్టుకుని రొప్పుతోంది.

"ఆసుపత్రిలో మంచం ఇప్పించడానికి నేను పొద్దుట్నుంచీ తిరుగుతుంటే, నువ్వు పళ్ళెం చంకనేసుకుని బైఠక్‌కి వస్తావా? ఏదీ, ఆ చెయ్యి చూపించు."

"అరవకమ్మా. పరాయి ఇల్లు."

"చూపించు ముందు!"

ఆయన కదల్లేదు. ఆవిడే వంగి శాలువా పక్కకి లాగింది.

కుడిచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. ఉంగరం వేలు, చిటికెన వేలు ఉన్నచోట ఆ గుడ్డ తడిసి పసుపురంగుకి తిరిగింది. అంత దూరం నుంచీ వాసన తెలిసింది. హమ్దాన్ ముఖం తిప్పుకున్నాడు.

"పన్నెండేళ్ళుగా షుగరు," అంది నబీహా మా వైపు తిరిగి. ఇప్పుడామె గొంతులో కోపం లేదు. "జనవరిలోనే ఆ రెండు వేళ్ళకీ స్పర్శ పోయింది. ఎవరికీ చెప్పలా. పొయ్యి మీద కాలినా తెలియలా. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ రెండు వేళ్ళూ తీసేస్తామన్నారు. ఈలోపు ఆ చేత్తో ఏదీ తాకనివ్వద్దన్నారు. పుండు కొంచెం చెదిరినా విషం పైకెక్కి, మణికట్టు దాకా తియ్యాల్సొస్తుందట. మణికట్టు దాకా!"

ఈ వసంతంలో తనంతట తాను ఎందుకు కబురుపెట్టారో అప్పుడర్థమైంది. ఆ ఇరవై మూడు పాటలూ ఆయన స్పర్శ లేని వేళ్ళతో, చెవి మీద భారం వేసి వాయించారు. వేళ్ళు పోకముందే అవి చేసే పనిని మా దగ్గర దాచుకోవాలని వచ్చారు. మేం దాచిన తీరు ఇలా ఉంది.

"ఆరు వేళ్ళు మిగుల్తాయిగా," అన్నారు ఉస్తాద్ నిదానంగా. "ఆరింటితో పళ్ళెం నిలబడుతుంది గానీ పలకదు. అందుకే ఒకటే మాట తేల్చుకుందామని వచ్చా నబీహా. ఈ అమ్మాయి అసలు రికార్డింగులు భద్రంగా ఉన్నాయంటోంది. ఉంటే రేపేంటి, ఇప్పుడే నీ వెంట ఆసుపత్రికి వచ్చి పడుకుంటా. లేవనుకో, ఆసుపత్రి రేపుంటుంది. ఇవాళ నేనిక్కడ కూర్చుని వాయించి మరీ వెళ్తా."

"నీకు పిచ్చి పట్టింది."

"పట్టిందేమో. మణికట్టు దాకా పోతే పోనీ. ఒట్టి చేతిని దాచుకుని నేనేం చేసుకోను?"

నబీహా నా ముఖం చూసింది. లెక్కల పంతులమ్మ కదా, అబద్ధం చెప్పే పిల్లల ముఖాలు రోజూ చూస్తుంది.

"తఖియ్యా, నాకు కాసిని మంచినీళ్ళివ్వమ్మా," అంటూ నన్ను వంటగదిలోకి నడిపించింది. లోపలికి రాగానే తలుపు దగ్గరికి వేసింది. "ఉన్నాయా, లేవా?"

"లేవక్కా."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా. పొరపాటున పోయాయి. తప్పు నాదే."

ఆమె గ్లాసు అందుకుని తాగలేదు. గట్టు మీద పెట్టేసింది.

"ఉన్నాయని చెప్పు."

"అక్కా..."

"నా మాట విను. నేను ఆయన్ని ఎత్తుకెళ్ళలేను, నీ అన్నయ్య బలవంతంగా మోసుకెళ్తే దారిలోనే గుండె ఆగుతుంది. ఆయన తన కాళ్ళ మీద దిగి రావాలి. దానికి ఒక్క మాట కావాలి. ఆపరేషన్ అయ్యాక నిజం చెప్పుకుందాం, నన్ను తిట్టినా, నిన్ను తిట్టినా తిట్టేందుకు మనిషి ఉంటాడు."

"ఆయన యాభై ఏళ్ళు ఎవరినీ నమ్మలేదక్కా. మమ్మల్ని నమ్మారు. ఇవాళ ఉన్నాయని పంపించేస్తే, ఇక ఆ పళ్ళెం ఎక్కడా ఉండదు. ఆయన ఆ మాట నమ్ముకుని వేళ్ళు ఇచ్చేస్తారు."

"ఉండకపోతే ఏం?" అంది. అని తానే ఆ మాటకి భయపడినట్టు నోటికి ముసుగు అంచు అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తనే అంది, మెల్లగా. "నేనూ ఆ పళ్ళెం మెట్ల మీంచే విన్నాను తఖియ్యా. సొంత కూతుర్ని. నాకు దాని దెబ్బలు తెలియవు. నాకు ఆ చెయ్యి తెలుసు. జ్వరమొస్తే నుదుటి మీద పెట్టే చెయ్యి. నాకది కావాలి."

దానికి జవాబు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే రాసి పంపండి, నాకిప్పటికీ పనికొస్తుంది. ఇరవై మూడు పాటల కోసం ఒక చెయ్యి, ఒక చెయ్యి కోసం ఇరవై మూడు పాటలు. అప్పటిదాకా నాకు తెలిసిన పెద్ద చిక్కల్లా నాణ్యత తగ్గించాలా, ఆగి ఆగి వచ్చినా సరేననాలా అన్నది. అది చిక్కే కాదు.

పైగదిలోకి తిరిగొచ్చాం. హమ్దాన్ గోడకి ఆనుకుని, తల వంచుకుని ఉన్నాడు. ఉస్తాద్ ఒళ్ళో పళ్ళెం ఉంది, గుడ్డ విప్పేసి ఉంది. మధ్యాహ్నం వెలుతురు రంగుటద్దాల్లోంచి దాని మీద పడుతోంది. అంచు అరిగి పలచబడి ఉంది. ఇన్నాళ్ళూ నేను పాడుచేసిన వస్తువుని అప్పుడే మొదటిసారి కళ్ళారా చూశాను.

"ఏమ్మా, అరగంట అయింది. ఉన్నాయా?"

నబీహా నా వెనకే నిలబడింది. ఆమె ఊపిరి వినపడుతోంది.

"ఉన్నాయి ఉస్తాద్," అన్నాను.

"అన్నీ?"

"అన్నీ."

ఆయన కళ్ళు మూసుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు. భుజాలు కిందికి దిగాయి. ఒక్క నిమిషంలో పదేళ్ళ వయసు మీద పడ్డట్టు కనిపించారు, ఇక నిటారుగా కూర్చోవాల్సిన పని లేదన్నట్టు. నబీహా ముందుకెళ్ళి ఆయన చెప్పులు సర్దసాగింది. హమ్దాన్ తలెత్తి నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"పద నాన్నా, పొద్దు వాలకముందే దిగుదాం."

"ఆగు," అన్నారు ఉస్తాద్. కళ్ళు తెరవలేదు. "తఖియ్యా, మూడో పాట పెట్టు. అసలుది. మాట మొదలవకముందు పళ్ళెం ఒక్కటే పలుకుతుందే, అంతవరకు చాలు."

"ఇప్పుడా ఉస్తాద్? ఆసుపత్రికి ఆలస్యం..."

"అందులో ఒక తప్పు ఉంది. ఉంగరం వేలు ఒకచోట ఆలస్యంగా పడింది. స్పర్శ లేని వేలు కదా, నేను రమ్మన్నప్పుడు రాలా. బైఠక్‌లో ఎవడూ పట్టుకోలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. మా గురువుగారు బతికుంటే పళ్ళెం లాక్కుని ఇంటికి పంపేవారు." ఆయన కళ్ళు తెరిచి తిన్నగా నన్నే చూశారు. "ఆ తప్పు నా చెవిన పడనీ. పడిన మరుక్షణం లేచి నా కూతురి వెంట వెళ్తాను."

"పడకపోతే?" అన్నాడు హమ్దాన్. వాడి గొంతు వాడికే వినపడనంత సన్నగా ఉంది.

ఉస్తాద్ ఎడమ చేత్తో కుడిచేతి కట్టు ముడి వెతికి పట్టుకుని, దాని కొస రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

నేను చిన్నగదిలోకి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చి, ఆయన ముందు పెట్టాను. అందులో ఆ పాట మొదట ఉన్నది ఒట్టి నిశ్శబ్దమే, పత్రికవాళ్ళిచ్చిన జాగా మాత్రం మళ్ళీ ఇక్కడికి అయిపోయింది.